నలభై రెండు గీతలు

పోయినవాటిని ముందు రాస్తాను. ఒక తల్లి. పుట్టకుండా దాని కడుపులోనే పోయిన పిల్లలు మూడు. అంతకుముందు ఈతలో ప్రాణం లేకుండా పుట్టినవి రెండు. తండ్రి కరిస్తే చీము పట్టి పోయిన కొడుకు ఒకటి. మొత్తం ఏడు ప్రాణాలు. వీటిలో ఏదీ ఒలిచిన కొబ్బరికాయ కంటే పెద్దది కాదు. ఇవి కాక, బతికి ఉన్న మగది ఒంటరిగా గడిపిన రోజులు రెండు వందల ఇరవై ఒకటి. ఇవి కాక, మా అమ్మాయి రోజూ సాయంత్రం లెక్కల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టే అలవాటు ఒకటి పోయింది. దానికి అంకె వేయడం నాకు చేతకాలేదు.

ఇంకో అంకె ఉంది. అది పోయింది కాదు, నేను ఇవ్వాల్సింది. మిగతావన్నీ తేలితే గాని అది తేలదు, అందుకని చివర్న రాస్తాను.

2001వ సంవత్సరం. కోనసీమలో ఒక కొబ్బరి కొట్టులో నేను గుమాస్తాని. చదివింది ఎనిమిదో తరగతి. లెక్క నేర్చుకున్నది కొట్టులోనే, కాయలు ఎంచేవాళ్ళ పక్కన నిలబడి. మా దగ్గర కాయల్ని జతల్లో ఎంచుతారు. మనిషి వంగి, రెండు చేతులతో రెండు కాయలు తీసి, అవతలి కుప్పలోకి విసిరి ‘ఒకటి’ అంటాడు. మళ్ళీ రెండు తీసి ‘రెండు’ అంటాడు. నూరు అన్నాడంటే కుప్పలో రెండు వందల కాయలు పడ్డాయని. ఏ కాయ పక్కన ఏ కాయ పడిందన్నది ఎవరికీ అక్కర్లేదు. పెద్దదీ చిన్నదీ కలిసినా జతే. చివర్న ఒంటికాయ మిగిలితే దాన్ని లెక్కలో వేయరు, ఊరికే కుప్ప మీదకి విసిరేస్తారు. పదిహేనేళ్ళు ఆ పని చూసిన కంటికి ఎక్కడ ఒంటిది కనిపించినా చిరాకే. ఎక్కడ రెండు కనిపించినా లెక్క సరిపోయినట్టే.

ఆ జూన్‌లో, బళ్ళు తెరిచిన వారంలో, మా బావమరిది ఒక అట్టపెట్టె పట్టుకుని వచ్చాడు. అతను రాజమండ్రి దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో అటెండరు. ప్రయోగాలకి తెప్పించిన గినీ పిగ్స్‌లో మిగిలిపోయినవాటిని కావాల్సినవాళ్ళు తీసుకెళ్ళమన్నారట.

“ఇవేంట్రా, ఎలకలా?” అంది నా భార్య పెట్టెలోకి తొంగి చూసి.

“ఎలకలు కాదక్కా. గినీ పందులు.”

“పందులా! నట్టింట్లోకి పందుల్ని తెస్తావా? బయట పెట్టు ముందు.”

“పేరే అక్కా అలాగ. గడ్డి తప్ప ఇంకోటి ముట్టవు. బావగారి కంటే నెమ్మది.” తర్వాత నా వైపు తిరిగి, “ఒక మగది, ఒక ఆడది. సరిగ్గా జతండి బావగారూ” అన్నాడు.

జత అన్న మాటకి నేను ఒప్పుకున్నాను. మా అమ్మాయి అప్పటికే మగదాన్ని ఒళ్ళో పెట్టుకుంది. గోధుమరంగు ఒళ్ళు, నెత్తి మీద తెల్లటి సుడి. అమ్మాయి ఏడో తరగతి. పెద్దవాడు హాస్టల్లో ఉండేవాడు కాబట్టి ఇంట్లో ఆ పిల్లకి తోడు లేదు. అరుగు మీద తీగవల కొట్టి గూడు చేశాను. కొట్టు నుంచి కొబ్బరి పీచు తెచ్చి పరిచాను. గడ్డి కట్ట విప్పిన చప్పుడు వింటే చాలు, మగది ముందుగా లేచి సన్నగా ఈల వేసేది. అమ్మాయి బడి నుంచి వస్తున్న అడుగుల చప్పుడుకీ అంతే.

అరవై ఎనిమిదో రోజున ఆడది మూడు పిల్లల్ని పెట్టింది. కళ్ళు తెరుచుకునే పుట్టాయి, ఒళ్ళంతా బొచ్చుతో. గంటలో నడిచాయి. నేను కాగితం తీసి లెక్క కట్టాను. ఈతకి మూడు, ఏడాదికి అయిదు ఈతలు, వాటిలో సగం ఆడవి, వాటికి మళ్ళీ ఈతలు. రెండో ఏడాది చివరికి వచ్చేసరికి కాగితం చాలలేదు. ఆ లెక్కలో మగవాటిని నేను వేయలేదు. పిల్లల్ని పెట్టేవి ఆడవే కదా అనుకున్నాను.

పిల్లల్ని నెల తిరక్కుండానే చుట్టుపక్కల ఇళ్ళకి పంచేశాం. లెక్క అదుపులోకి వచ్చిందనుకున్నాను. ఆడది మళ్ళీ కడుపుతో ఉందని అక్టోబరులో గాని తెలియలేదు. బావమరిదిని అడిగితే నవ్వాడు. “పిల్లల్ని పెట్టిన పూటే మళ్ళీ కడుపవుతుందండి వీటికి. మగదాన్ని పక్కన ఉంచితే ఊరుకుంటుందా?” వెంటనే మగదాన్ని తీసి ఇంకో గూట్లో పెట్టాను. వారం తర్వాత రెండో ఈత. నాలుగు పుట్టాయి, రెండింటికి ఊపిరి లేదు. తల్లి వీపు మీద ఎముకలు చేతికి తగిలేవి. బతికిన రెండింటిలో ఆడపిల్లని తర్వాత ఇచ్చేశాం. మగపిల్ల మిగిలింది.

అప్పుడు రాజమండ్రి వెళ్ళాం. నా భార్యకి చాలా ఏళ్ళుగా నడుం నొప్పి. దానికి ఒక డాక్టరుకి చూపించాల్సిన పని ఉంది. ఒకే ప్రయాణంలో రెండు పనులు అవుతాయని బుట్టలో మగదాన్ని పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరకీ వెళ్ళాను. నేనూ, నా భార్యా, అమ్మాయీ ముగ్గురం బల్ల మీద కూర్చున్నాం. డాక్టరుగారు పెద్దాయన, కుందేళ్ళకి, కుక్కలకి ఆపరేషన్లు చేసిన చెయ్యి.

“రెండు దార్లున్నాయండి,” అన్నాడాయన. “ఒకటి, ఈ మగదానికి ఆపరేషన్ చేసేస్తాను. ఆరు వారాలు విడిగా ఉంచి, తర్వాత ఆడదానితో వదిలేయండి. జీవితాంతం కలిసి ఉంటాయి, పిల్లలుండవు. రెండోది, దీని కొడుకు పసిది ఉందన్నారు కదా, తండ్రీకొడుకుల్ని కలిపి పెంచండి. కాకపోతే ఆడది ఆ ఇంట్లో ఉండకూడదు. దాని వాసన తగిలిందా, రెండూ కొట్టుకుంటాయి. ఒక్కదాన్నే మాత్రం ఉంచకండి. ఇవి గుంపులో బతికేవి.”

నేను అడిగిన ప్రశ్న నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “ఆడదానికి చేయకూడదాండి, ఆపరేషను?”

“ఆడదానికైతే పొట్ట కొయ్యాలి. ఇంత ప్రాణి, తట్టుకోకపోవచ్చు. మగదానికైతే పైపైనే. పది నిమిషాల పని.”

బల్ల మీద నా భార్య చీర కొంగు సర్దుకుంది. నేను గమనించాను గాని, దేనికో ఆలోచించలేదు.

“ఆలోచించుకుని వస్తానండి,” అన్నాను.

బస్సులో అమ్మాయి అడిగింది. “నాన్నగారూ, పది నిమిషాలేనంట కదా. చేయించేద్దామండి.”

“అది మగదమ్మా. నిక్షేపంలా ఉన్నదాన్ని ఎందుకు పాడు చెయ్యడం?”

“మరి ఒంటరిగా ఉంచద్దన్నారు కదండీ.”

“కొడుకున్నాడుగా. తండ్రీ కొడుకూ. ఇద్దరు.”

నా భార్య కిటికీ వైపు తిరిగి కూర్చుంది. రావులపాలెం దాకా ఇటు తిరగలేదు.

మర్నాడు కొట్టులో ఈ సంగతి నేనే చెప్పాను, అదో వింతగా. కాయలు ఎంచేవాళ్ళలో పెద్దాయన జత విసరడం ఆపి నడుం మీద చెయ్యి పెట్టుకున్నాడు. “ఏంటండోయ్ గుమాస్తాగారూ, మగాడికి ఆపరేషనా! ఇయ్యాల పందికంటారు, రేపు తమరిని కూడా రమ్మంటారండి, జాగర్త!” అందరూ నవ్వారు. ఇంకొకతను, “అప్పుడు గుమాస్తాగారు జతలో లెక్కకి రారండి, ఒంటికాయే” అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వుతో తీర్మానం అయిపోయింది. ఇదే జిల్లాలో దున్నపోతులకీ కోడెలకీ చేయించని రైతు లేడు. దానికి ఎవరూ నవ్వరు. అది పని కోసం. ఇంట్లో పెంచుకునే మగదానికి, అదీ ఒక ఆడదాని సుఖం కోసం అనేసరికి, అంత పెద్ద మొగాళ్ళకీ నవ్వొచ్చింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకి ఆడవాళ్ళని జీపుల్లో ఎక్కించి తీసుకెళ్ళేవాళ్ళు, మా వీధిలో ఎన్ని ఇళ్ళ నుంచో వెళ్ళారు. ఒక్క మగవాడు ఆ జీపు ఎక్కగా నేను చూడలేదు.

కొడుకుకి నాలుగు వారాలు నిండగానే తండ్రి గూట్లో పెట్టాను. అప్పటికి మగది ఒంటరిగా ఉన్నది ముప్పై అయిదు రోజులు. రెండు నెలలు బాగానే ఉన్నాయి. కొడుకు తండ్రి పొట్ట కింద దూరి పడుకునేది. ఇద్దరు కలిసి ఒక జత, నా లెక్క సరిపోయింది. ఆడదాన్ని మాత్రం ఎక్కడికీ పంపలేదు. అదే అరుగు మీద, మూడు జానల దూరంలో దాని గూడు. డాక్టరుగారు చెప్పిన రెండో ముక్కని, ఒంటికాయని విసిరేసినట్టు విసిరేశాను.

జనవరి చివర్లో ఒక ఆదివారం పొద్దున అమ్మాయి కేక విని బయటకొచ్చాను. రెండూ బంతిలా ముడిపడి దొర్లుతున్నాయి. విడదీస్తే నా వేలు కూడా చీల్చింది. కొడుకు వీపు మీద ముందుపళ్ళు దిగిన గాటు. పసుపు పెట్టాం, మందు పెట్టాం. లోపల చీము పట్టి ఆరో రోజు పోయింది. దొడ్లో కరివేపాకు చెట్టు దగ్గర పాతిపెట్టాను.

“డాక్టర్‌గారు చెప్పారు కదండీ, ఆడది అక్కడ ఉండకూడదని,” అంది అమ్మాయి. పన్నెండేళ్ళ పిల్ల, నా లెక్కలో తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది. నేను కసిరాను.

అక్కడి నుంచి మగది మళ్ళీ ఒంటరి. మొదట్లో ఆడదాని గూటి వైపు ముఖం పెట్టి గురగురలాడేది. తర్వాత అదీ మానేసింది. గడ్డి కట్ట విప్పినా ఈల లేదు. తిండి పెట్టిన మూలలోనే కూర్చుని, అమ్మాయి ఒళ్ళోకి తీసుకుంటే కదలకుండా ఉండేది. ఆ పిల్ల రోజూ అదే అడిగేది, ఆపరేషన్ ఎప్పుడని. చూద్దాం, అనేవాణ్ణి. అరవై ఒక్క రోజులు అలా చూశాం.

మార్చిలో ఒంటిపూట బడులు పెట్టారు. మధ్యాహ్నం నేను కొట్టులో, నా భార్య వంటింట్లో. అమ్మాయి మగదాన్ని తీసి ఆడదాని గూట్లో వదిలింది. నేను సాయంత్రం వచ్చేసరికి రెండూ ఒకదానికొకటి ఆనుకుని తోటకూర కాడలు కొరుకుతున్నాయి. మగది నన్ను చూసి ఈల వేసింది. “చూడండి నాన్నగారూ, మళ్ళీ అరిచింది!” అంది ఆ పిల్ల, సంతోషంగా. నేను మగదాన్ని మెడ పట్టుకుని తీసి దాని గూట్లో పడేశాను.

ఒక్క మధ్యాహ్నం చాలింది. అప్పుడే రాజమండ్రి తీసుకెళ్ళి అడిగితే డాక్టరుగారు ఏదైనా చెప్పేవారేమో. నేను తీసుకెళ్ళలేదు. కడుపు ఉబ్బుతుంటే రోజులు ఎంచుకుంటూ కూర్చున్నాను. ఎంచడం వచ్చినవాడికి అదో రోగం. ఎంచుతున్నంతసేపూ ఏదో చేస్తున్నట్టే ఉంటుంది.

రోహిణీకార్తె ఎండలు. అరుగు మీద తడిగోనె వేలాడదీశాం. అరవై తొమ్మిదో రోజు పొద్దున్నుంచి ఆడది ముక్కుతోంది, పిల్ల రావడం లేదు. పది గంటలకి బస్సెక్కాం, నేనూ అమ్మాయీ. బుట్ట ఆ పిల్ల ఒళ్ళో. తడిగుడ్డ మారుస్తూనే ఉంది. రావులపాలెం ఇంకా రాకుండానే చెయ్యి ఆపేసింది.

“కదలట్లేదు నాన్నగారూ.”

నేను బుట్టలో చెయ్యి పెట్టి చూశాను. ఒళ్ళు వేడిగానే ఉంది, ఎండకి. ఊపిరి లేదు. అప్పుడు నేను ఆ మాట అన్నాను. “నువ్వు ఆ రోజు తలుపు తియ్యకుండా ఉంటే ఇది బతికేది.”

ఆ పిల్ల ఏడవలేదు. నా మొహం చూసి, “మీరు ఆపరేషన్ చేయించి ఉంటే నేను తీసినా ఏం అయ్యేది కాదు” అంది. ‘అండి’ లేదు, ‘నాన్నగారూ’ లేదు. అటు తిరిగి కూర్చుంది. అచ్చం వాళ్ళమ్మ కూర్చున్నట్టే.

రావులపాలెంలో దిగి ఇంకో బస్సులో వెనక్కొచ్చాం. దాని కడుపులో ఎన్ని ఉన్నాయో తెలియాలని నేను తడిమి చూశాను. మూడు. ఆ సాయంత్రం నుంచి లెక్కల పుస్తకం నా ముందుకి రాలేదు. రాని లెక్కని వాళ్ళ మాస్టారి దగ్గర చెప్పించుకునేది.

రెండు వారాలకి మగదాన్ని తీసుకుని నేనే రాజమండ్రి వెళ్ళాను. కొట్టులో ఎవరికీ చెప్పలేదు. డాక్టరుగారు పనైపోయాక చేతులు కడుక్కుంటూ, “ఇవాళ కోశాం కదాని ఇవాళే వదిలేయకండి. లోపల మిగిలింది ఉంటుంది. ఆరు వారాలు, ఒక్క రోజు తగ్గకూడదు” అన్నారు. పది నిమిషాలు కూడా పట్టలేదు. అయిదో రోజుకి గాయం మానింది.

బావమరిది చేత కాలేజీ నుంచి ఒక చిన్న ఆడదాన్ని తెప్పించాను. అమ్మాయి అడగలేదు, నేనే తెప్పించాను. రెండు గూళ్ళ మధ్య తీగవల. ఒకదాన్నొకటి చూసుకోవచ్చు, తాకలేవు. తలుపు వెనక గోడ మీద సుద్దతో రోజుకో గీత గీశాను. పొద్దున్నే మొహం కడుక్కోగానే ముందు గీత, తర్వాత కాఫీ. తీగవల తలుపుకి తాళం వేసి తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాను. ఇరవయ్యో రోజున బావమరిది వచ్చి, “ఇక వదిలేయండి బావగారూ, మానిపోయిందిగా” అంటే కోప్పడ్డాను. “నలభై రెండంటే నలభై రెండే. ఆపరేషనంటే ఆటలా?”

నా భార్య అక్కడే గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆ మాటకి చేట పక్కన పెట్టింది.

జూలై చివర్లో నలభై రెండో గీత గీసి తాళం తీశాను. మగది నెమ్మదిగా అవతలికి నడిచి, కొత్తదాని చెవి వాసన చూసి, దాని పక్కన కూర్చుంది. కాసేపటికి ఈల వేసింది. అమ్మాయి చూసి లోపలికి వెళ్ళిపోయింది. ముప్పై అయిదు, అరవై ఒకటి, అరవై తొమ్మిది, పద్నాలుగు, నలభై రెండు. కలిపితే ఒంటరి రోజులు రెండు వందల ఇరవై ఒకటి. ఆ లెక్క అక్కడికి ముగిసింది. తర్వాత మూడేళ్ళ పైచిలుకు ఆ రెండూ కలిసే బతికాయి. ఒక్క పిల్ల పుట్టలేదు, ఒక్క గాటు పడలేదు.

నా భార్య వచ్చి గోడ దగ్గర నిలబడింది.

“ఎన్ని గీతలండీ?”

“నలభై రెండు.”

“ఒక్కటి కూడా తగ్గలేదా?”

“ఎందుకు తగ్గుతుంది? నేనే గీశానుగా.”

“నాకు ఆపరేషనైనప్పుడు నర్సమ్మ కూడా ఇదే చెప్పింది. ఆరు వారాలు బరువెత్తకూడదు, వంగకూడదని. మీరు మంచం పక్కనే ఉన్నారు.” ఆవిడ గొంతు పెంచలేదు. “నాకెన్ని గీతలు గీశారండీ?”

ఆ సంగతి ఇక్కడ చెప్పాలి. మా అమ్మాయి పుట్టాక ఆపరేషన్ ఎవరికన్న మాట వచ్చినప్పుడు ఆ నర్సమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. మగవాళ్ళకైతే పైపైనేనండి, ఒక పూట పని, ఆడవాళ్ళకైతే పొట్ట కొయ్యాలి అని. ఈ పశువుల డాక్టరు చెప్పిన మాటలే, పన్నెండేళ్ళు ముందు. పనికెళ్ళేవాణ్ణండి, బరువులుంటాయి అన్నాను నేను. నేను గుమాస్తాని. నా జీవితంలో నేనెత్తిన బరువు కలం. కాయలు ఎత్తేది వేరేవాళ్ళు. నా భార్యే జీపెక్కింది.

పదో రోజున మా నాన్న సంవత్సరీకం వచ్చింది. ఇంటి కోడలు వండకపోతే ఎలాగని మావాళ్ళు అన్నారు. నేను అనలేదు. వద్దని కూడా అనలేదు. ఆవిడ నూతిలో నీళ్ళు తోడింది, ఇరవై మందికి వండిన అన్నం గుండిగ ఒక్కతే దింపింది. ఒకచోట కుట్టు ఊడింది. ఆ నడుం నొప్పి అప్పుడు మొదలైంది. పదకొండో రోజు నుంచి ఇక కూర్చోలేదు. కూర్చోమన్నవాళ్ళూ లేరు. మందులతో కాస్త తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. ఇప్పటికీ చీర మీద నుంచి గుడ్డ బిగించి కట్టుకుని గాని వంటింట్లో నిలబడలేదు.

“తొమ్మిది,” అన్నాను.

“గుర్తుందన్నమాట,” అని లోపలికి వెళ్ళిపోయింది.

తర్వాత నేను చెల్లించాలని చూశాను. నువ్వు కూర్చో, నేను చేస్తానన్నాను. “ఇప్పుడు కూర్చుంటే అప్పుడు కూర్చున్నట్టవుతుందాండీ?” అని నవ్వింది. అయినా ఒకసారి వరసగా నాలుగు రోజులు నేనే నీళ్ళు తోడి, నేనే వండాను. అయిదో రోజు మా అక్కావాళ్ళు వచ్చారు. మగాడు వంటింట్లో ఏంటని మా అక్క అంటే, నా భార్య లేచి గరిటె తీసుకుంది. నేను ఇచ్చేశాను. ఇంకోసారి ఆరు రోజులు. ఆ ఏడు కొబ్బరి దిగుబడి పెరిగి కొట్టులో పని ఎక్కువై అదీ ఆగిపోయింది. తెగిపోయిన రోజుల్ని నేను కలపలేను. డాక్టరుగారు వరసగా ఆరు వారాలన్నారు, నర్సమ్మా అదే అంది. మధ్యలో ఒక్క రోజు తప్పితే మళ్ళీ మొదటి గీత నుంచే.

ఆ ఇంటికి రెండుసార్లు సున్నం వేశారు. సుద్ద గీతలు పోయాయి. మగది 2005లో ముసలితనంతో, తోడు పక్కనే పోయింది. దాన్ని పోయినవాటిలో నేను కలపలేదు. దానికి ఇవ్వాల్సింది చివరికి ఇచ్చాను.

నలభై రెండులో తొమ్మిది పోతే ముప్పై మూడు. ఈ రోజుకీ ముప్పై మూడే.